ఆ రక్తం ఏమాయె నాయనా?

(కర్నూలులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, సామాజిక వైద్య విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ప్రొఫెసర్ గారు మాట్లాడిన మాటలివి. సభకు నర్సింగు విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, హౌస్ సర్జన్లు, ఊరి పెద్దలు వచ్చినారు. రాలేకపోయినవాళ్ళ కోసం ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నోళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. వినపడనోడు చెయ్యి ఎట్లెత్తుతాడని ముందు వరసలో నవ్వుతున్నారు. సరే, మైకు కొంచెం దగ్గరికి పెట్టుకుంటా.

నా వెనక బ్యానర్ మీద రాసింది చదివినారా? "ప్రపంచ ఆరోగ్య సమానత్వ సాధనలో వైద్య పరిశోధన పాత్ర". నా సర్వీసు మొత్తంలో ఇంత పొడుగు మాట ఒక్క ఊపిరిలో ఎప్పుడూ అనలేదు నేను. నాకు ఈ విషయం అర్థమైంది ఒక అవ్వ అడిగిన నాలుగు మాటల్లో. "ఆ రక్తం ఏమాయె నాయనా?" నాలుగే మాటలు. అవ్వది మన జిల్లాలోనే కోసిగి దగ్గర ఊరు. ముందు ఆ ఊరికి పోదాం, తర్వాత ప్రపంచానికి పోదాం.

నేను పీజీ చదివే రోజులు. ఎం.డి. పట్టా రావాలంటే థీసిస్ రాయాల. నేను గర్భిణుల్లో రక్తహీనత మీద తీసుకున్నా. ఎందుకు తీసుకున్నా? సేవ చేద్దామనా? కాదప్పా. సులభం కాబట్టి. ఏ ఊరికి పోయినా దొరుకుతారు కాబట్టి. జీపులో పోయేవాళ్ళం, రచ్చకట్ట మీద దుప్పటి పరిచేవాళ్ళం, సూదులు, సీసాలు, ఐసు పెట్టె. ప్రతి సీసా మీద తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద నంబరు. "రక్తం అమ్ముకుంటారంట" అని ఆడోళ్ళు గుసగుసలాడుతుంటే, "లేదమ్మా, పరీక్షకే" అని నేనే నచ్చజెప్పేవాణ్ణి. మూడు నెలల్లో మూడొందల మంది. పట్టికలు వేసినా, శాతాలు కట్టినా, పాసైనా. నల్ల అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. లైబ్రరీలో బీరువాకెక్కింది.

ఆరేడేళ్ళ తర్వాత ఇంకో పని మీద అదే ఊరికి పోయినా. ఒక అవ్వ గుర్తుపట్టింది. "నువ్వు గదా మా కోడలి చేతికి సూది గుచ్చి రక్తం పట్టుకపోయినోడివి? ఆ రక్తం ఏమాయె నాయనా?" కోడలు ఏదమ్మా అని అడిగినా. తర్వాతి కాన్పులో పోయిందంట. రక్తం ఆగలేదంట.

ఇప్పుడు మీరు చెప్పండి, అవ్వకు నేనేం జవాబు చెప్పాల? ఆ రక్తం పట్టిక అయింది, శాతం అయింది, నా పేరు పక్కన రెండక్షరాలు అయింది. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ, అంటే రక్తం మరీ తక్కువ ఉన్నోళ్ళ వరస ఒకటి నా పట్టికలో ఉండింది. ఆ వరసలో ఉన్నోళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి ఆ ఊరి నర్సమ్మ, ఏఎన్ఎమ్ చేతిలో పెట్టడం ఎంతసేపు పని? ఒక గంట. ఆ గంట నేను పెట్టలేదు. ఎవరూ పెట్టమనలేదు, నాకూ తోచలేదు. ఆ కోడలి నంబరు ఆ వరసలో ఉందా లేదా అని నేను ఈనాటికీ తీసి చూళ్ళేదు. చూసే ధైర్యం లేదు.

అయితే రక్తం తిరిగొచ్చిన కథ కూడా ఒకటుంది. అది కూడా గర్భిణుల రక్తమే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే బీద ఆడోళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం పడిపోయి చచ్చిపోతున్నారు. ఆమె ఏం చేసింది? రక్తం ఒక్కటే తీసి పోలేదు. వాళ్ళు ఏం తింటున్నారో చూసింది. కలిగినోళ్ళ ఇండ్లల్లో ఈ జబ్బు ఎందుకు తక్కువో చూసింది. కడాకు ఈస్టు సారం, మార్మైట్ అని బ్రెడ్డుకు రాసుకునే నల్లటి ముద్ద ఉంటుంది, అది తినిపిస్తే కోలుకున్నారు. 1931లో ఆ సంగతి అచ్చయింది. ఆ ముద్దలో ఉన్నదేందో అప్పుడు తెలీదు, "విల్స్ ఫ్యాక్టర్" అన్నారు. తర్వాత అది ఫోలిక్ యాసిడ్ అని తేలింది. 1945లో దాన్ని అమెరికాలో లెడర్లీ కంపెనీ ల్యాబులో తయారుచేసినారు. ఆ ల్యాబుకు పెద్ద ఎవరు? చెప్పండి. ఆ... మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆశా అక్కలూ, మీ సంచిలో ఎర్ర మాత్ర ఉంటుంది గదా, గర్భిణులకు ఇచ్చేది? 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. దొడ్డికి నల్లగా అయితాందని గోడవతల పారేస్తారే, అదే. అందులో బొంబాయి మిల్లు ఆడోళ్ళ రక్తం ఉంది. వాళ్ళ రక్తం సముద్రాలు దాటి, మళ్ళీ మన కోసిగి ఆడబిడ్డ నోటికాడికి వచ్చింది. పదిహేడేండ్లకు మందుగా తేలింది, ఊరూరికీ చేరడానికి ఇంకా ఎన్నో ఏండ్లు పట్టింది, అది వేరే సంగతి. పరిశోధన అంటే ఇట్ల తిరిగి రావాల. ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళ గడపలోకి తిరిగి రావాల. నేను ఈ సాయంత్రం చెప్పాలనుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి రుజువులు.

ఇంకో ప్రశ్న అడుగుతా. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ పాము కరిచి పోయినోళ్ళు ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూడండి, చూడండి, హాల్లో సగం. ఇప్పుడు దించండి. వాళ్ళల్లో ఆస్పత్రి మంచం మీద పోయినోళ్ళు తెలిసినోళ్ళు మాత్రం ఎత్తండి. చూసినారా ఎన్ని చేతులు తగ్గిపోయినాయో?

ఈ తేడా ఉంది చూడండి, ఇది చాలా కాలం మన దేశానికి తెలీదు. ప్రభుత్వం ఆస్పత్రుల నుంచి వచ్చిన కాగితాలు కూడి, పాముకాటుతో ఇంతమంది అని చెప్పేది. శెనక్కాయ పీకేటప్పుడు చెట్టు కింద చెయ్యి పెట్టి, రక్తపింజర కొరికితే, మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకపోయి, అక్కణ్ణుంచి ఆటో దొరక్క, దారిలో పోయిన మనిషి ఏ కాగితంలో ఉంటాడు? యాడా ఉండడు.

అప్పుడు కొందరు పరిశోధకులు, దేశంలో పుట్టుకలు చావులు లెక్కగట్టే రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసుతో కలిసి, ఒక పని చేసినారు. దాని పేరు మిలియన్ డెత్ స్టడీ. పేరు వింటే భయం గానీ, పని చాలా సాదా పని. చావు జరిగిన ఇంటికి పోవడం. ఇంటోళ్ళను కూర్చోబెట్టి, ఏమైందమ్మా, ఎట్ల పోయినాడు, ముందు ఏం నొప్పి వచ్చింది, అని అడగడం. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోవడం. ఆ రాతను డాక్టర్లు చదివి కారణం తేల్చడం. మైక్రోస్కోపు లేదు, ల్యాబు లేదు. అరుగు మీద కూర్చొని అడిగిన పరిశోధన అది. 2011లో లెక్క బయటికి వచ్చింది. ఏడాదికి సుమారు 46,000 మంది. ఆస్పత్రి లెక్కలకు ముప్ఫై రెట్లకు పైన! నూటికి తొంభైయేడు మంది పల్లెటూళ్ళ వాళ్ళు. ఆస్పత్రిలో పోయింది నూటికి ఇరవై మూడు మందే. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక్కదాంట్లోనే ఏడాదికి 5,000 పైచిలుకు. తర్వాత 2020లో ఇంకా పెద్ద లెక్క వచ్చింది. ఇరవై ఏండ్లలో పన్నెండు లక్షల మంది అని.

పన్నెండు లక్షలు. కర్నూలు ఊరు మొత్తం కన్నా ఎక్కువ.

ఈ లెక్క వచ్చినాక ఏం జరిగింది? 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలోకి తీసుకుంది. 2024లో మన దేశం ఒక ప్రణాళిక ప్రకటించింది, 2030 కల్లా ఈ చావులు సగానికి తగ్గించాలని. తగ్గుతాయో లేదో నాకూ అనుమానమే. కానీ లెక్క లేనప్పుడు ప్రణాళిక కూడా లేదు గదా. విరుగుడు మందు ఎక్కడ ఎన్ని సీసాలు ఉండాల అనేది లెక్క నుంచే వస్తుంది. లెక్కలోకి రాని మనిషికి సీసా రాదు.

హౌస్ సర్జన్లు ఉన్నారు కాబట్టి ఒక్క నిమిషం. పింజర కాటు పడినోడు వచ్చినాడు, రక్తం గడ్డకడుతోందా లేదా తెలియాల. పెద్ద ల్యాబు లేదు. ఏం చేస్తారు? శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టం తీసుకోండి. గాజుది, మళ్ళీ చెప్తున్నా, గాజుది. ప్లాస్టిక్ దాంట్లో రక్తం గడ్డకట్టే తీరు మారిపోతుంది, మీరు మోసపోతారు. సబ్బుతో కడిగి సరిగా తొలవకపోయినా మోసపోతారు. రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదిలించకుండా ఇరవై నిమిషాలు పెట్టండి. గడియారం చూసి ఇరవై. మధ్యలో ఎత్తి చూసే బుద్ధి పుడుతుంది, చూడొద్దు. తర్వాత ఒక్కసారి వంచండి. నీళ్ళ మాదిరి జారిందా, విషం రక్తంలోకి పోయింది, విరుగుడు మొదలుపెట్టండి. ఇది కూడా పరిశోధనే. అడవి దగ్గరి ఆస్పత్రిలో, మంచం పక్కన, రూపాయల్లో అయిపోయే పరీక్షను ఎవరో ఒకరు కూర్చొని నిలబెట్టి, ప్రపంచమంతా వాడే పద్ధతి చేసినారు. ఇంతకన్నా సమానత్వం ఇంకేముంటుంది?

ఇంకా మిగిలిన పని కూడా ఉందిలే. మన విరుగుడు మందుకు కావాల్సిన విషం చాలావరకు చెన్నై పక్కన, పాములు పట్టే ఇరుళ్ళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఊరు మారితే ఒకే జాతి పాము విషం కూడా మారుతుందని బెంగళూరు సైన్సు సంస్థ ఐఐఎస్సీ వాళ్ళు చూపించినారు. అంటే మా శెనక్కాయ చేలో పింజర విషానికి ఆ మందు ఎంత పనిచేస్తుందో మన దగ్గరే చూడాల. ఇక్కడున్న పిల్లల్లో ఎవరికైనా థీసిస్‌కు విషయం కావాలంటే, ఇదిగో, ఉచితంగా ఇస్తున్నా.

టీబీ గురించి చెప్పకుండా రాయలసీమలో ఎవరూ వైద్యం మీద మాట్లాడలేరు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం తెలుసు గదా? 1915లో పెట్టిన శానిటోరియం, అంటే క్షయ రోగుల్ని నెలల తరబడి ఉంచుకునే ఆస్పత్రి. ఆ కాలంలో క్షయ అంటే ఊరు విడిచిపోవడమే. మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం. మరి కూలికి పోతే గానీ పొయ్యి వెలగని వాడు నెలల తరబడి మంచమెక్కితే ఇల్లెట్ల? మంచాలేమో వేలల్లో, జబ్బు మనుషులేమో లక్షల్లో.

1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. రోగుల్ని రెండు గుంపులు చేసినారు. ఒక గుంపును శానిటోరియంలో పెట్టి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చినారు. ఇంకో గుంపును వాళ్ళ గుడిసెల్లోనే ఉంచి, అదే మాత్రలు ఇచ్చినారు. ఇంటి గుంపు వాళ్ళు ఇరుకు ఇండ్లల్లో, అరకొర తిండితో, కొందరు పనికి కూడా పోతూ మందు మింగినారు. పెద్ద పెద్ద డాక్టర్లు, ఇంటిదగ్గరి వాళ్ళు చచ్చిపోతారు, ఇంటోళ్ళందరికీ అంటిస్తారు అన్నారు. 1959లో ఫలితం వచ్చింది. రెండు గుంపులూ ఇంచుమించు ఒకే మాదిరి కోలుకున్నాయి. ఇంటోళ్ళకు అంటడం కూడా ఎక్కువ కాలేదు. అంతే, ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గుతూ వచ్చింది. లండనులో రోగి కూడా ఇంటికి పోయినాడు, ఎవరి వల్ల? మద్రాసు గుడిసెల్లో మాత్ర మింగినోళ్ళ వల్ల. మనం ఎప్పుడూ, అక్కడ కనిపెడతారు, ఇక్కడ వాడతాం అనుకుంటాం. ఇక్కడ తేలింది అక్కడికి పోయిందని బడిలో మనకు ఎవరూ చెప్పలేదు.

విరేచనాలకు తాగించే ఉప్పు, చక్కెర నీళ్ళు, ఓఆర్ఎస్ కూడా అంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం, బోన్గావ్ శరణార్థి శిబిరం, కలరా. సెలైను సీసాలు అయిపోయినాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గారు ఉప్పు, గ్లూకోజు, సోడా పొట్లాలు కట్టించి, నీళ్ళల్లో కలిపి, తాగించే పని తల్లులకే, తోబుట్టువులకే అప్పజెప్పినారు. నూటికి ముప్ఫై మంది పోతున్నచోట నాలుగుకు లోపలికి దిగింది. దీని మీద గంట మాట్లాడొచ్చు, కానీ మీకందరికీ తెలిసిందే, ముందుకు పోదాం.

మళ్ళీ టీబీకి వస్తా. మద్రాసు పరిశోధన తర్వాత మనం ఒక తప్పు చేసినాం. మాత్ర చాలు, తిండి లేకపోయినా పర్వాలేదు అన్నట్టు అర్థం చేసుకున్నాం. నేను ఆదోని వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అంటే పీహెచ్‌సీలో ఉన్నప్పుడు ఒకామె, జిన్నింగు మిల్లులో పని, టీబీ. ముప్ఫై రెండు కిలోల బరువు. గుడ్డు తినమ్మా, పప్పు తినమ్మా అని చెప్తే, నన్ను చూసి నవ్వింది. "ముగ్గురు బిడ్డలు మొగం చూస్తాంటే నేనొక్కదాన్నే గుడ్డు తింటానా సార్?" అనింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ వాక్యం లేదు. పుస్తకంలో రోగి ఒక్కడే ఉంటాడు. ఇంట్లో ఆరుమంది ఉంటారు.

ఆ వాక్యానికి జవాబు ఎప్పుడొచ్చింది? 2023లో. జార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ అనే డాక్టర్ దంపతులు, చెన్నై క్షయ పరిశోధన సంస్థతో కలిసి చేసినారు. 2,800 మంది రోగులు, వాళ్ళ ఇండ్లల్లో 10,000కు పైగా మనుషులు. రోగులందరికీ తిండి సరుకులు ఇచ్చినారు. తేడా ఎక్కడంటే, ఒక గుంపులో ఇంటోళ్ళకు కూడా ఇచ్చినారు. మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, కొన్ని విటమిన్లు. ఏం పెద్ద మందు కాదు, మన చౌక దుకాణం సరుకు. ఇంటోళ్ళకు తిండి దొరికిన గుంపులో కొత్తగా టీబీ రావడం నూటికి 39 వంతులు తగ్గింది. కఫంలో క్రిమి కనపడే రకమైతే దాదాపు సగం. రోగుల్లో కూడా, మొదటి రెండు నెలల్లో ఒంటి బరువు నూటికి ఐదు పెరిగినోళ్ళల్లో చావు ముప్పు బాగా తక్కువగా కనపడింది.

కందిపప్పు, టీకా మాదిరి పనిచేసింది! ఆదోని ఆమె ఎప్పుడో చెప్పింది గదా. మనం వినలేదు. ఆమె మాటను లెక్కగా మార్చి, పెద్ద పత్రికలో అచ్చేసి, ప్రభుత్వం బల్ల మీద పెట్టడానికి ఇన్నేండ్లు పట్టింది. 2018 నుంచి టీబీ రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తుండిరి, 2024 నవంబరు నుంచి 1,000 చేసినారు. ఇంటోళ్ళ సంగతి ఇంకా నడుస్తోంది.

ఇంకొకటి. ఆశా అక్కలకు తెలుసు, హౌస్ సర్జన్లకు తెలీదేమో. సుగ్గి. పెద్దకడుబూరు, కోసిగి, మంత్రాలయం వైపు సంక్రాంతి ముందరా తర్వాతా ఊర్లకు ఊర్లు లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. ఇంటికి తాళం, అరుగు మీద ముసలోళ్ళు. టీబీ మాత్రలు మూడో నెల్లో ఉన్నోడు కూడా ఆ లారీలోనే పోతాడు. మన రిజిస్టరులో ఏం రాస్తాం? "మందు మానేసినాడు". తప్పంతా వాడిదే అన్నట్టు. వాడు మందు మానలేదప్పా, మనం వాడి వెనకాల గుంటూరు పోలేదు. ఏ నెలలో ఎన్ని ఇండ్లు ఖాళీ అయితాయి, ఎంతమంది మాత్ర మధ్యలో పోతుంది, పోయేముందే రెండు నెలల మాత్రలు చేతికిస్తే ఏమైతుంది, ఇది మనమే చూడగలిగిన పరిశోధన. దీన్ని జెనీవాలో ఉండే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు వచ్చి చెయ్యరు. జెనీవాలో సుగ్గి లేదు.

ప్రపంచం సంగతి అడిగినారు కాబట్టి చెప్పాల. 1990లో ఒక అంతర్జాతీయ సంఘం లెక్కేసింది. జబ్బుల బరువులో నూటికి తొంభై వంతులకు పైగా మోసే దేశాల కష్టాల మీదికి, పరిశోధన డబ్బులో పదో వంతు కూడా పోవడం లేదని. పది-తొంభై తేడా అని పేరు పడిపోయింది. మరి మిగతా డబ్బుతో తయారైన వస్తువు మన దగ్గరికి వస్తే ఏమైతుందో చూడండి. కోవిడ్‌లో వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు అందరూ కొన్నారు గదా? 2020 ఏప్రిల్‌లో కర్నూలు పేరు రోజూ టీవీలో. ఇంటికొకటి. 94 ఉందా, 92 ఉందా, దేవుడి ఫోటో చూసినట్టు దాన్నే చూసినాం. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో మిచిగన్ డాక్టర్లు రాసినారు. ఆ మీటరు బాగుందని చూపించినా లోపల రక్తంలో ఆక్సిజన్ నిజంగా పడిపోయి ఉండటం, తెల్లోళ్ళల్లో నూటికి 3.6 సార్లు, నల్లోళ్ళల్లో 11.7 సార్లు. చర్మం రంగు వెలుతురును మింగుతుంది, మీటరు మోసపోతుంది. మరి మన రంగు మీద ఎవరు చూసినారు? నా చెయ్యి చూడండి. ఇదేం తెలుపా?

నీళ్ళ సంగతీ అంతే. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఆ లెక్కల వెనక, మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడనే అంచనా ఉంది. మే నెలలో బేతంచెర్ల గనిలో నాపరాళ్ళు కోసేవాడు రెండు లీటర్లతో ఆగుతాడా? పొద్దున తొమ్మిదికే అయిపోతాయి. వేడి దేశాల్లో జనం ఎంత తాగుతారో చూసుకొని మీ హద్దు మీరు పెట్టుకోండి అని వాళ్ళే రాసినారు. చూసుకోవాల్సింది మనమే. మన సీమలో పళ్ళ మీద గార, వంకర మోకాళ్ళు ఎంత పాతవో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. పరిశోధన మంచిది మంచిది అంటున్నారు, మమ్మల్ని ఎలుకల్ని చేస్తారా అని జనం అడుగుతారు. అడగాల్సిందే. 2009లో అప్పటి మన రాష్ట్రంలోనే ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా మీద ఒక ప్రాజెక్టు జరిగింది. దాదాపు 14,000 మంది ఆడపిల్లలు, చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. 2010లో ఆపేసినారు. టీకా వేసినాక జరిగిన కొన్ని చావులకు, ఆ టీకాకు సంబంధం కనపడలేదని విచారణ సంఘం చెప్పింది. అది నిజం. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలా చోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టినారు. అదీ నిజం. పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది.

దీని వల్ల నష్టం ఎవరికి? టీకా మంచిదే. 2018లో సిక్కింలో బడి ఆడపిల్లలకు వేసినారు, ఏ గొడవా కాలేదు, ఎందుకంటే ముందు తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడినారు. మన దగ్గర ఆ సంతకాల వల్ల పుట్టిన భయం ఏండ్ల తరబడి నిలబడిపోయింది. నేను మూడొందల మంది దగ్గర రక్తం తీసినప్పుడు కూడా వేలిముద్రలు తీసుకున్నా. కాగితం మీద ఏముందో ఒక్కరికీ చదివి వినిపించలేదు. వార్డెనుకు, నాకు తేడా ఏముంది? ఏమీ లేదు. సిరా ప్యాడు ఎవరి చేతిలో ఉంది అనేదే తేడా.

చీటీలు వచ్చినట్టున్నాయి. ఇటియ్యమ్మా. మొదటిది: "నన్ను ఒక మందు పరీక్షలో చేరమని అడిగినారు. చేరాలా, వద్దా?" పేరు లేదు. పర్వాలేదు. నాయనా, భయపడి వద్దనొద్దు, మొహమాటపడి సరే అననూ వద్దు. అడుగు. దీనికి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడుగు. మన దేశంలో 2009 నుంచి ప్రతి మందు పరీక్షా ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాల, ఫోనులో ఎవరైనా చూసుకోవచ్చు. పరీక్షలో చేరినోళ్ళకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఎవరిది, వాళ్ళ ఫోన్ నంబరు ఏది? నాకేమన్నా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు, పరిహారం ఎవరిస్తారు? 2019 నిబంధనల్లో అది నీ హక్కు. మధ్యలో మానేస్తే నా మామూలు వైద్యం ఆపుతారా? ఆపకూడదు. సంతకం పెట్టిన కాగితం నకలు నాకియ్యి అని అడుగు, అదీ నీ హక్కే. పరీక్ష అయిపోయినాక మందు పనిచేస్తే నాకు దొరుకుతుందా అని కూడా అడుగు. ఈ కడపటి ప్రశ్నకు ముఖం చిట్లిస్తే, ఇంటికొచ్చి ఆలోచించుకో.

రెండో చీటీ. "హెచ్ఐవీ మందులు ఇంత చౌక ఎట్లా అయినాయి, పరిశోధన వల్లనా?" పరిశోధన వల్ల మందు పుట్టింది, పుట్టినా ఏడాదికి పది వేల డాలర్ల పైన ఉండింది. 2001లో మన సిప్లా కంపెనీ యూసుఫ్ హమీద్ గారు మూడు మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తా అన్నారు. ఆఫ్రికా బతికింది. మందు కనిపెట్టడం ఒక పని, అది ఆదోనికి చేరడం ఇంకో పని. రెండోదాని మీద కూడా పరిశోధన జరగాల, దానికి నోబెల్ రాదు, అంతే.

మూడోది, ఇది పెన్సిలుతో రాసినారు. చదువుతా. "సార్, మా పీహెచ్‌సీలో గాజు గొట్టాలు లేవు. ప్లాస్టిక్‌వే ఉన్నాయి. పోయిన నెల పాముకాటు కేసు వస్తే దాంట్లోనే చూసినాం."

ఇది ఎవరు రాసినారు? చెయ్యెత్తొద్దు, పేరు వద్దు. ఇది ప్రశ్న కాదమ్మా. సభ అయినాక బయట వేపచెట్టు కింద ఉంటా, వచ్చి కలువు. ఎన్ని కావాలో రాసుకొని రా.